బువ్వం బంతి నాటికి

జూన్ 2
కుడి చేత్తో రాస్తున్నా. నౌరీన్ రాయమంది. చాలు.

జూన్ 3
ఇది నా రాత కాదు. కోడి గెలికిన పెంటకుప్ప.

జూన్ 5
పెన్నుకి లావుపాటి స్పాంజి తొడిగింది నౌరీన్, అంగన్‌వాడీ పిల్లల పెన్నులాగా ఉంది. రోజూ నాలుగు వాక్యాలు రాయాలట. ఏం రాసినా పర్లేదట, ఎవరికీ చూపించక్కర్లేదట. ఇది నాలుగు.

జూన్ 9
ఏం రాయాలో తోచక, నాకు జరిగిందే రాసుకుంటున్నాను. నాకు తెలియని సంగతేం కాదు, చేతికి పని అంతే.

ఏప్రిల్‌లో ఒక పొద్దున షామీర్‌పేట దగ్గర మా వెంచర్‌లో కస్టమర్‌కి ప్లాటు హద్దురాయి చూపిస్తూ చెయ్యి చాపాను. చాపిన చెయ్యి నాకు చెప్పకుండానే పక్కకి జారిపోయింది. కస్టమర్ హద్దు అటు ఉందనుకొని అటే నడిచి మురుగు మోరీలో కాలు పెట్టాడు. నేను ఆ మోరీ గట్టు మీదే కూలబడ్డాను.

పక్షవాతం. కాలు త్వరగానే దారికొచ్చింది. వంకరపోయిన మూతి సర్దుకుంది. మాట మాత్రం ఒక్క పూట కూడా పోలేదు. "మాట పోయి చెయ్యి ఉంటే ఇల్లు సల్లగుండు" అంది వజ్రమ్మ, పెద్ద డాక్టర్ ముందే. కట్టుకున్న భార్య.

పోయింది కుడి చెయ్యి ఒక్కటే. ఉంది, కానీ నా మాట వినదు. అందుకే వారానికి మూడుసార్లు మేడ్చల్‌లో ఈ థెరపీ సెంటర్. మాజీ సర్పంచ్ నరసింహ, కూతురి స్కూటీ వెనక హెల్మెట్ పెట్టుకొని కూర్చొని పోతాడు. హెల్మెట్ ఉండబట్టి బతికిపోయాను, ఎవరూ గుర్తుపట్టరు.

జూన్ 10
చెయ్యి నొప్పి. నిన్న ఎక్కువ రాశాను.

జూన్ 12
నాకు థెరపీ చేసే నౌరీన్ అల్వాల్ పిల్ల. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం సంతలో గొర్రెలమ్మేవాడి గొంతు. ఈ రోజు నా ముందు రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో చింతగింజలు. ఒక్కొక్కటీ తీసి రెండో గిన్నెలో వేయమంది. వేశాను. అన్నీ అయ్యాక, మళ్లీ మొదటి గిన్నెలోకి వేయమంది.

"ఏం లాభమమ్మా?" అన్నాను.

"అంకుల్, గింజలకేం లాభం లేదు. జర భుజం ఎత్తకుండ తియ్యండి."

సాయంత్రం కూతురు ఆమని ల్యాబ్ నుంచి రాగానే గుమ్మంలోంచే అడిగింది, రోజూ అడిగేదే. "తిన్నవా నాయినా? ఏ చేత్తో?"

"కుడి చేత్తో" అన్నాను.

ఎడమ చేత్తో, చెంచాతో తిన్నాను.

జూన్ 16
ఈ చేత్తో మళ్లీ ఏ పని చేయాలనుందో ఒక్కటి చెప్పమంది నౌరీన్. దాన్నిబట్టి నేర్పుతుందట. సంతకం అన్నాను. అది బొటనవేలుతోనూ అవుతుంది, ఇంకోటి చెప్పమంది. మీసం దువ్వుకోవడం అన్నాను. రాసుకోలేదు. "అంకుల్, నిజం చెప్పండి" అంది.

చెప్పేశాను. శ్రావణంలో ఆమని పెళ్లి. పెళ్లికొడుకు అన్వేష్, గండిమైసమ్మ దగ్గర భిక్షం గారి అబ్బాయి. పెళ్లయ్యాక మా వైపు బువ్వం బంతి ఉంటుంది. పెద్ద తాంబాళంలో అన్నం, పప్పు, నెయ్యి పోసి కలిపి, దాని చుట్టూ పెళ్లికూతురు, పెళ్లికొడుకు, రెండు వైపుల వాళ్లు కూర్చొని ఒకే పళ్లెంలో తింటారు. మొదట పిల్ల తండ్రి వియ్యంకుడికి ముద్ద పెట్టాలి. అప్పటినుంచి రెండిళ్లూ ఒకటి.

"చెంచాతో పెట్టొద్దా?" అంది.

"నోరు పుండైన వాడికి పెడతరు చెంచాతో."

"ఎడమ చేత్తో?"

నేను చూసిన చూపుకి ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. అది ఆమెకి చెప్పలేదు. పక్షవాతం వచ్చిన సంగతి భిక్షం బావకి తెలియదు. బాత్రూంలో జారిపడ్డాను, చెయ్యి విరిగింది అని ఫోన్‌లో చెప్పాను. మెడకి తువ్వాల కట్టుకొని అందులో చెయ్యి వేలాడేస్తున్నాను. లకువ అని పక్షవాతం పేరెత్తితే ఏమంటారు? రక్తంలోనే ఉంది, పిల్లకీ వస్తుంది అంటారు. సంబంధం పోతుంది. ఆమని అన్వేష్‌కి చెబుతానంది. నా మీద ఒట్టు వేయించుకున్నాను. అప్పటినుంచి నా మీద గుర్రుగా ఉంది. అబద్ధం మీద పెళ్లేంది నాయినా అంటుంది. చిన్నపిల్ల, లోకం తెలియదు.

జూన్ 17
అబద్ధం కాదు. జారి పడడమైతే పడ్డాను కదా, మోరీ గట్టు మీద.

జూన్ 21
చెప్పా పెట్టకుండా భిక్షం బావ వచ్చాడు.

ఈ మనిషి గురించి రాయాలి. ఆరడుగులు. తలకి తెల్లటి రుమాలు చుడతాడు. ఆ రుమాలు జారుతుందని ఎవరి ముందూ తల వంచడు, దేవుడికి కూడా నిటారుగా నిలబడే దండం పెడతాడు. నిశ్చితార్థం నాడు నేను దండ వేయబోతే వంచడే! చివరికి వజ్రమ్మ వంటింట్లోంచి స్టూలు తెచ్చింది. నేను స్టూలెక్కి దండ వేశాను. ఆ ఫోటోలో నేనే ఆయన కంటే పొడుగు.

వచ్చేసరికి నేను హాల్లో కూర్చొని నౌరీన్ ఇచ్చిన పచ్చ ముద్ద పిసుకుతున్నాను. అది పిండి కాదు, రబ్బరూ కాదు, వేళ్లకి బలం రావడానికట. గబుక్కున పళ్లెంలో వదిలేసి చెయ్యి తువ్వాలలో దోపుకున్నాను. ఆయన కూర్చున్నాడు. పళ్లెం చూశాడు.

"ఏంది బావా ఇది, హల్వానా?"

"ఆఁ... గంతే."

గంతే అని నేనెందుకన్నానో నాకే తెలియదు. చేతి సంగతి తప్ప ఏదైనా సరే అనిపించింది. ఆయన ముద్ద తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. వజ్రమ్మ చాయ్ కప్పులతో గుమ్మంలో బొమ్మలా నిలబడిపోయింది.

"మస్తు సాగుతాంది" అన్నాడు ఆయన.

"మా ఆవిడకి పాకం కుదర్లే" అన్నాను.

వజ్రమ్మ నన్ను చూసిన చూపుకి ఇంకో చెయ్యి కూడా పడిపోయేదే. భిక్షం బావ మర్యాదస్తుడు, కిటికీ దగ్గరికి పోయి ఫోన్ మాట్లాడినట్టు చేసి బయటికి ఊశాడు. పోతూ పోతూ, "చెయ్యి ఇంక సక్కగ కాలేదేంది? మా దిక్కు కట్లు కట్టే ఆయన ఉన్నడు, మా మామకు తుంటి విరిగితే లేపి నడిపించిండు. తోలుకొస్తా" అన్నాడు.

వద్దు బావా అన్నాను. ఆ మనిషి వద్దంటే వినే రకం కాదు.

జూన్ 22
వజ్రమ్మ మాట్లాడడం లేదు. ఇల్లు సల్లగుంది.

జూన్ 25
తోలుకొచ్చాడు.

కట్లాయన ముసలివాడు, వేళ్లు మాత్రం ఇనుము. నా భుజం నుంచి మణికట్టు దాకా తడుముకుంటూ పోయాడు. ఎక్కడ నొక్కితే అక్కడ నేను అబ్బా అన్నాను. ఒకచోట ఆయన నొక్కకముందే అన్నాను. ముసలాయన ఆగి నా మొహం చూశాడు. కోడిగుడ్డు సొన, ఏదో ఆకు పసరు కలిపి పూసి, వెదురుబద్దలు పెట్టి, వేళ్ల కొసల దాకా గట్టిగా చుట్టేశాడు. వజ్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పెరట్లోకి పోయింది. ఏడ్వడానికి కాదు.

పోయేటప్పుడు గేటు దగ్గర ముసలాయన, భిక్షం బావ చాలాసేపు మాట్లాడుకున్నారు. వాళ్ల ఊరి గొర్రెల గురించే అయ్యుంటుంది. బావ ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను నొప్పిగా ఉన్నట్టు మొహం పెట్టాను. నమ్మేశాడు, పాపం. నాకు నాటకాలు ఆడడం వచ్చని ఇన్నేళ్లకి తెలిసింది.

(ఎడమ చేత్తో రాశాను. ఈ రాత ఇంకా బాగుంది. ఇదేం ఖర్మ.)

జూన్ 26
వీధిలో పిల్లి పొద్దున్నుంచి నా వెనకే తిరుగుతోంది. సొన వాసన.

జూన్ 27
నౌరీన్ కట్టు చూసింది. కత్తెర తెచ్చింది. కోస్తున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉంది. విప్పాక నా వేళ్లు ముడుచుకుని ఉన్నాయి, తెరిచినా తెరుచుకోవు.

"అంకుల్, మీకు బొక్క విరగలే. మెదడుల రక్తం బందైంది. చేతికి పని లేకుండ కట్టేస్తే మెదడు ఆ చెయ్యినే మర్చిపోతది. ఇన్ని దినాలు మనం చేసిందేంది మరి?"

అప్పుడు చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను, హల్వా సంగతితో సహా. హల్వా దగ్గర కత్తెర కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది. "అంకుల్, వాళ్లు మీ చెయ్యిని చేసుకుంటున్నరా, ఆమనినా?"

ఆమెకి పెళ్లి కాలేదు, తెలియదు.

జూలై 4
వేళ్లు తెరుచుకున్నాయి. కొంచెం.

జూలై 9
ఈ రోజు నుంచి బువ్వం బంతి ప్రాక్టీసు. సెంటర్‌లో చాప పరిచింది. ఇంటి నుంచి తాంబాళం తెమ్మంటే వజ్రమ్మ తెచ్చింది. మొదట అటుకులు. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. నేను, వజ్రమ్మ, నౌరీన్.

"నేను మీ బావను. పెట్టండి ముద్ద" అంది నౌరీన్, దుపట్టా తలకి రుమాలులా చుట్టుకొని.

అటుకులు పట్టుకున్నాను. ఎత్తాను. చెయ్యి గడ్డం దాకా కూడా రాలేదు, గుండె దగ్గర ఆగి వణికింది. అటుకులన్నీ వజ్రమ్మ ఒళ్లో.

"అక్షింతలు పడ్డయి, ఇగ పెండ్లయినట్టే" అంది వజ్రమ్మ. మళ్లీ మాట్లాడుతోంది.

జూలై 14
నౌరీన్ కొత్త పాఠం. "మోచెయ్యి ఒంటికి ఆనించండి. చెయ్యి సగం దూరం వస్తది. మిగిలిన సగం మీరు రండి. తల జర వంచండి, నోరు చేతి దగ్గరికి తెండి. గంతే, తినుడు వచ్చినట్టే."

తల వంచి తినేది ఎవరు? గడ్డి తినే గొడ్డు. పదేళ్లు సర్పంచ్‌గా చేశాను. మెతుకు కోసం తల వంచమంటుందా? వంచనని చెప్పేశాను. చెయ్యే రావాలి.

"సరే, తలకాయ రాదు, చెయ్యి రాదు. అన్నమే ఎగిరి రావాలె" అంది.

జూలై 20
బోనాలు. మైసమ్మకి దండం పెట్టాను. ఎడమ చెయ్యి కుడి చేతిని పట్టుకుని ఎత్తింది. అమ్మవారికి కట్టుకథలు అక్కర్లేదు, చూసిందేదో చూసింది.

జూలై 29
పప్పన్నం. ముద్ద నిలిచింది! ముద్ద కట్టగలిగాను! పప్పు వేళ్ల మధ్య నుంచి జారకుండా, బొటనవేలు వచ్చి మూసుకుంది. నోటిదాకా రాలేదు, ఆ సంగతి వేరు. ముద్ద అయితే ముద్దే. ఆమనికి చిన్నప్పుడు ఇలాగే కట్టి పెట్టేవాణ్ణి. ఒక్కో ముద్దకి ఒక్కో ఊరు పేరు. ఇది అల్వాల్, ఇది గుండ్లపోచంపల్లి, ఇది మేడ్చల్. మేడ్చల్ దాటితే కడుపు నిండిందనేది. రాస్తుంటే కళ్లు నిండాయి. ఇది కూడా ఆ జబ్బు లక్షణమేనట, నౌరీన్ చెప్పింది. అదే అయ్యుంటుంది.

ఆగస్టు 3
ఈ రోజు కుడి చేత్తో పూర్తిగా తిన్నాను. ఎవరి సాయమూ లేదు. బ్రహ్మాండం.

ఆగస్టు 3, రాత్రి
అబద్ధం రాశాను. ఎవరికీ చూపించని దాంట్లో కూడా ఎందుకు రాశానో. తలుపేసుకుని ఒక్కణ్ణే ప్రయత్నించాను. అన్నమంతా లుంగీ మీద, మంచం మీద. ఏరుతుంటే ఆమని వచ్చింది. ఏ చేత్తో అని అడగలేదు. పక్కన కూర్చొని మెతుకులు ఏరింది. అడిగినా బాగుండేది.

ఆగస్టు 10
ఆలోచించాను. తువ్వాల ఉంది కదా. పెళ్లి నాడు జేబులో పెట్టుకుంటాను. బువ్వం టైంకి మెడకి కట్టుకొని, అబ్బా మళ్లీ బెణికింది అంటాను. నా తమ్ముడు పెడతాడు ముద్ద. ఎవరికీ ఏ అనుమానమూ రాదు. నౌరీన్‌కి చెప్పలేదు. కార్డు మాత్రం ఇచ్చాను, వస్తానంది.

ఆగస్టు 16
రేపే. తువ్వాల ఇస్త్రీ చేయించాను.

ఆగస్టు 18
నిన్నటిది రాయాలి. చెయ్యి నొప్పెట్టినా సరే రాయాలి.

పెళ్లి బాగా జరిగింది. కన్యాదానంలో నా చేతి కింద వజ్రమ్మ చెయ్యి పెట్టింది, అది ఆచారం అనుకున్నారు అందరూ. పొద్దుటి నుంచి ఉపవాసం, కడుపులో ఎలుకలు. బువ్వం బంతి వేశారు. తాంబాళం మధ్యలో పప్పన్నం ఆవిర్లు కక్కుతోంది, నెయ్యి వాసన. ఇటు నేను, వజ్రమ్మ. అటు భిక్షం బావ, ఆయన భార్య. మధ్యలో ఆమని, అన్వేష్. చుట్టూ రెండు వైపుల జనం. వెనక నౌరీన్ పట్టుచీరలో నిలబడి ఉంది, నా భుజం వంకే చూస్తోంది.

"పెట్టు బావా, ఆకలైతాంది" అన్నాడు భిక్షం బావ, నిటారుగా కూర్చొని. రుమాలు నిన్న ఇంకా పెద్దగా చుట్టాడు.

నా ఎడమ చెయ్యి జేబులోకి పోయింది. తువ్వాల తగిలింది. సగం బయటికి లాగాను కూడా.

"నాయినా" అంది ఆమని మెల్లగా, తల ఎత్తకుండానే. "ఏ చేత్తో?"

నా కూతురు నన్ను నిలదీయలేదు. ఇంట్లో రోజూ అడిగినట్టే అడిగింది. ఇన్ని రోజులు ఆమెకి చెప్పిన అబద్ధాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తువ్వాల మళ్లీ లోపలికి తోసేశాను.

"కుడి చేత్తో" అన్నాను.

అన్నంలో చెయ్యి పెట్టాను. వేడి. బొటనవేలు వచ్చింది. ముద్ద అయింది. మోచెయ్యి ఒంటికి ఆనించి ఎత్తాను. నా గడ్డం ఎత్తు దాటాలి, తాంబాళం దాటాలి, అక్కడెక్కడో ఆరడుగుల మనిషి నోరు. చెయ్యి తాంబాళం మీద సగం దూరం పోయి ఆగిపోయింది. వణకడం మొదలైంది. ఒక మెతుకు రాలింది. ఇంకోటి.

"సార్, ఇంకొంచెం పైకి!" అన్నాడు ఫోటోగ్రాఫర్. వాడి నోరు పడిపోను.

అయిపోయింది అనుకున్నాను. సంబంధం, మర్యాద, అన్నీ ఈ రాలే మెతుకులే అనిపించింది. చెమట కళ్లలోకి వచ్చింది. ఆ మసకలోంచి చూస్తే తెల్లగా ఏదో నా వైపు వస్తోంది.

రుమాలు.

భిక్షం బావ రెండు చేతులూ చాప మీద ఆనించి, తల వంచి ముందుకు వస్తున్నాడు. రుమాలు జారింది. నుదుటి మీదికి వచ్చి, కన్ను కప్పేసి, పప్పన్నంలో పడింది. ఆయన ఆగలేదు. బట్టతల మిలమిల మెరుస్తుండగా నా వణికే చేతి దగ్గరికి నోరు తెచ్చి ముద్ద అందుకున్నాడు. వేళ్లతో సహా అందుకున్నాడు.

నమిలాడు. అందరూ చూస్తున్నారు.

"హల్వా కంటే ఇదే నయం బావా" అన్నాడు.

వజ్రమ్మ ముందు నవ్వింది. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. ఆమని నవ్వుతూ ఏడ్చింది, కాటుక మొత్తం చెంపల మీదికి. బావ భార్య రుమాలు పప్పులోంచి తీసి పిండింది.

చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను ఆయన్ని. "బావా, నీకు తెలుసా?"

"కట్లాయన గా దినమే చెప్పిండు. బొక్కలు మంచిగనే ఉన్నయ్, ఇది లకువ అని."

"మరి అడగలేదేంది?"

"నువ్వు గంత కష్టపడి దాస్తున్నవ్. ఎందుకు పాడు చేసుడని ఊకున్న." నీళ్లు పుక్కిలించి ఊశాడు. "మా నాయినకు గూడ వచ్చింది లకువ. ఏడాది ఇంట్ల నుంచి బయటికే రాలే, నలుగురు చూస్తరని. ఆయనకు గిట్ల అన్నం తినుడు నేర్పేటోళ్లు దొరకలే." మూతి తుడుచుకున్నాడు. "నువ్వు బయటికొచ్చినవ్ గద."

ఏదో అనబోయాను. మాట రాలేదు. మాట పోవడమంటే ఇదేనేమో. వజ్రమ్మ చూసి ఉంటే సంతోషించేది.

నౌరీన్ పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "అంకుల్, భుజం ఎత్తిండ్రు" అంది.

ఆగస్టు 20
ఇల్లు బోసిగా ఉంది. గుమ్మంలోంచి అడిగేవాళ్లు లేరు. వజ్రమ్మ పప్పన్నం పెట్టి తను లోపలికి పోయింది, నేను ఒక్కణ్ణే తినాలని కాబోలు. చెంచా పళ్లెం పక్కనే పెట్టింది. తీసి దూరంగా జరిపాను.

ముద్ద కట్టాను. ఎత్తాను. సగం వచ్చింది, ఆగింది. ఎవరూ చూడడం లేదు. చూసినా ఏమైతది అనుకున్నాను. తల వంచాను.

అంత దూరమేమీ లేదు.

మూడో ముద్ద మేడ్చల్ దగ్గర ఉండగా ఫోన్ మోగింది. ఆమని.

"తిన్నవా నాయినా? ఏ చేత్తో?"

"తింటున్న బిడ్డా. కుడి చేత్తో."

"నిజంగనా?" అంది. నమ్మాలా వద్దా అని చూస్తోందని తెలుసు. ఆ అనుమానం నేను సంపాదించుకున్నదే.

"తల వంచి తింటున్న" అన్నాను.

అప్పుడు నమ్మింది.